స్టూడియోకి కొత్తవాళ్లొస్తున్నారా? వీడియో ఇలా తీయండి

ఈమధ్య హైదరాబాదులో ప్రతి రికార్డింగ్ స్టూడియోకీ ఒక పరిచయ వీడియో పిచ్చి పట్టుకుంది. తొలిసారి జానపదం పాడడానికి వచ్చే అమ్మాయికి, డబ్బింగ్ చెప్పబోయే కుర్రాడికి, ఆడియో పుస్తకం చదవడానికి ఒప్పుకున్న రిటైర్డు మాస్టారికి ముందురోజే దాన్ని వాట్సాప్‌లో పంపించేస్తే, తెల్లారి పని నల్లేరు మీద బండి నడకలా సాగుతుందని వాళ్ల ఆశ. ఆశకేం, మంచిదే. తీయడమే ఎవరికీ చేతకావడం లేదు. చూసినవాళ్లకి అన్నీ అర్థమైపోయేలా తీస్తున్నారు. అంతా అర్థమైపోయాక స్టూడియో అంటే భయం ఎక్కడిది, భక్తి ఎక్కడిది? కృష్ణానగర్ సందుల్లో కన్సోలు ముందు జుట్టు నెరిపించుకున్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. కొత్తగా స్టూడియో పెట్టినవాళ్లు రాసుకోండి.

వీడియో తెరవగానే మైకు చూపించకూడదు. చరిత్ర చూపించాలి. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన దగ్గర ఎత్తుకోండి. అక్కణ్ణుంచి మద్రాసు, మద్రాసు నుంచి సినిమావాళ్లు హైదరాబాదు తరలిరావడం, ఆ పైన మీ నాన్నగారి ఫొటో, దానికో దండ. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైందన్న సంగతి కూడా ఇక్కడే ఎక్కడో దూర్చేయండి. మీకూ దానికీ ఏ సంబంధమూ లేకపోయినా వీడియో నిండుగా కనిపిస్తుంది.

చరిత్రలో గౌహర్ జాన్ ప్రస్తావన మాత్రం తేవద్దు, కొంప మునుగుతుంది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి ఆవిడ చేత పాడించాడు. ఆ రోజు ఆవిడ తెలుసుకోవాల్సినవి మూడే: ఈ కొమ్ములోకి పాడాలి, మూడు నిమిషాల్లో ముగించాలి, చివర తన పేరు గట్టిగా చెప్పాలి. పేరెందుకంటే, ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకు తెలియాలి కదా. మూడు ముక్కలు, వాటికో కారణం, అంతే. ఆ రికార్డులు నూరేళ్లు దాటినా ఇంకా వింటున్నారంటే అది వేరే సంగతి. మూడు ముక్కల్లో తేల్చేస్తే మన డ్రోన్ షాటు ఎక్కడ పెడతాం?

అన్నట్టు, డ్రోన్ షాటు తప్పనిసరి. సందులో కరెంటు తీగలు అడ్డొస్తే పక్క సందులో మేడ చూపించండి. మెట్లు ఏ వైపు, బండి ఎక్కడ పెట్టాలి, చెప్పులు ఎక్కడ విప్పాలి, బాత్రూము ఎటు అన్నవి చెప్పకండి. అవి వాచ్‌మన్ చెబుతాడు, ఆ వేళకు ఉంటే.

భాష ఇంగ్లీషే ఉండాలి. సిద్దిపేట నుంచి వచ్చే ఒగ్గు కథకుడికీ, సెలవులకు డాలస్ నుంచి వచ్చి అన్నమయ్య కీర్తనలు రికార్డు చేయించుకునే పిన్నిగారికీ ఒకటే ఇంగ్లీషు. ఆయనకు అర్థం కాదు, ఆవిడ చూడదు. ఇద్దరికీ సమన్యాయం.

సామాను చూపించండి, మనిషిని కాదు

కెమెరా కన్సోలు మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పాకాలి. ప్రతి నాబ్ దగ్గరా ఆగాలి. ప్రీఆంప్, కంప్రెసర్, ప్యాచ్‌బే అని పేర్లు వరసగా చదవాలి. పాడేవాడు జన్మలో చెయ్యి పెట్టనక్కర్లేని వస్తువులు ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత మంచిది. తెల్ల కోన్ల యమహా ఎన్‌ఎస్-10 స్పీకర్లు మీ దగ్గరుంటే ఇక చెప్పేదేముంది, క్లోజప్ వేసి 1978 నాటి మోడలని చెప్పండి. వాటిలో ఏ పాటా అందంగా వినిపించదనీ, మిక్సులో ఉన్న లోపాలన్నీ మొహమాటం లేకుండా బయటపెడతాయనే ఇంజినీర్లు వాటిని వదలకుండా పట్టుకున్నారనీ చెప్పారనుకోండి, కొత్తవాడికి ఊరట. తన గొంతు అందులో విని బెంగ పెట్టుకోడు. కాబట్టి చెప్పకండి.

తర్వాత మైకు. న్యూమన్ యు87 ఉంటే 1967 నుంచి లోకమంతా నెత్తిన పెట్టుకున్న మైకని చెప్పి, ఖరీదు రూపాయల్లో తెర నిండా వేయండి. వెనకాల ఒక ఢమఢమ. అది చూసినవాడు మైకు దగ్గరికి రావడానికే జంకాలి. దానికి కేబులులోంచే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వెళుతుందని కూడా చెప్పండి. అది మైకు పని చేయడానికే తప్ప పాడేవాడికి షాకు కొట్టదని మాత్రం చెప్పకండి.

దాన్ని ఏ వైపు నుంచి పాడాలి అన్నది పరమ రహస్యం. జాతరల్లో, పెళ్లిళ్లలో మనవాళ్లకు అలవాటైంది గుండు మైకు. దాని కొసన నోరు పెట్టి పాడతారు. ఇది అలా కాదు, నిలువుగా నిలబడి పక్క నుంచి వింటుంది, అదీ కంపెనీ గుర్తున్న పక్క నుంచి. సిరిసిల్ల వైపు నుంచి ఒకావిడ వచ్చింది, ఊళ్లో బతుకమ్మ పాటలకు పెట్టింది పేరు. మైకు స్టాండు మీద ఆవిడ కళ్ల ఎత్తులో ఉంది. కొసన పాడాలి కదా అని ఆవిడ మడమలెత్తి, గడ్డం పైకి చాపి, ఒక చేత్తో స్టాండు పట్టుకుని పల్లవి మొత్తం మునివేళ్ల మీద నిలబడి పాడింది. మాకు గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. గెయిన్ పెంచాం, ఈక్యూ తిప్పాం, కేబులు మార్చాం. గాజు కిటికీలోంచి ఆవిడ మడమలు కనిపిస్తూనే ఉన్నాయి, మా కళ్లేమో కంప్యూటరు తెర మీద. "అక్కా, ఈ గుర్తున్న దిక్కు చూసి పాడు" అంటే తేలిపోయేది. అనలేదు. అరగంట గడిచింది. స్టూడియోలో అరగంట అంటే ఏమిటో కిందకొచ్చాక చెబుతాను.

దూరం సంగతీ అంతే. నోటికీ మైకుకీ మధ్య జానెడు అని చెయ్యి చాపి చూపిస్తే మూడు సెకన్ల పని. అంత చవకగా ఇచ్చేయకండి. ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అని శీర్షిక పెట్టి, డెసిబెళ్లూ హెర్ట్జులూ ఉన్న గ్రాఫు వేయండి. మైకుకు దగ్గరయ్యేకొద్దీ గొంతులో మంద్రం ఉబ్బుతుందన్న ముక్క ఆ గ్రాఫులోనే ఉంటుంది, వెతుక్కునేవాడు వెతుక్కుంటాడు. పాప్ ఫిల్టరు గురించైతే అసలు నోరెత్తవద్దు. ప, ఫ, బ, భ పలికినప్పుడు నోట్లోంచి తన్నుకొచ్చే గాలి మైకు మీద దబ్బున పడకుండా ఆపే గుడ్డ అది. ఒకాయన దాన్ని ఉమ్ము పడకుండా కట్టారనుకుని చిన్నబుచ్చుకున్నాడు. అనుకోనివ్వండి, అందులోనూ కొంత నిజం ఉంది.

వీడియోలో మీ మాట ఎలా రికార్డు చేయాలని అడుగుతారేమో. సెల్‌ఫోనుతో, గదికి ఆ మూల నిలబడి, ఏసీ ఆన్‌లో ఉండగా. పక్కనే అంత ఖరీదైన మైకు ఉందిగా అనకండి, అది కెమెరాకు చూపించడానికి. మాట కింద మ్యూజిక్ వేయండి, మాట కంటే రెండు మెట్లు ఎక్కువగా. గోడల మీద ఫోము ముక్కలు చూపించి "సౌండ్‌ప్రూఫ్" అనడం మరవకండి. ఫోము గదిలో ప్రతిధ్వనిని, అందులోనూ పైస్థాయి ధ్వనుల్ని, తగ్గిస్తుందే గానీ బయట ఆటో హారన్‌ను ఆపలేదు. దాన్ని ఆపాలంటే బరువైన గోడలు, సందు లేకుండా మూసుకునే తలుపులు కావాలి. అయినా ఫోము చూడ్డానికి బాగుంటుంది.

గాజు అవతలి సంగతులు

ఇది అన్నిటికంటే ముఖ్యం, నిదానంగా చదవండి.

పాడే గదికీ కంట్రోల్ రూముకీ మధ్య రెండు పొరల గాజు ఉంటుంది. అవతలివాళ్లు కనిపిస్తారు, వినిపించరు. మేం టాక్‌బ్యాక్ బటన్ నొక్కి మాట్లాడితేనే పాడేవాళ్ల చెవుల్లోకి మాట వెళుతుంది. బటన్ వదిలితే లోపల చెవులు పోయినంత నిశ్శబ్దం. ఈ బటన్ సంగతి ఇంజినీరుకు ఎంత మామూలంటే, కొత్తవాడికి తెలియదని కూడా గుర్తుండదు. ఇది మన అదృష్టం.

ఒక కుర్రాడు తన తొలి పాటకు ఒక టేకు పాడి, ఆఖరి అక్షరం దాకా లాగి, మా వైపు చూశాడు. ఇక్కడ సంగీత దర్శకుడు ఏదో అన్నాడు, నేను తల అడ్డంగా ఊపాను, వెనకాల సోఫాలో ఇద్దరు పకపకా నవ్వారు. అన్నదేమిటంటే ఇరానీ చాయ్ తెప్పిద్దామా అని. అల్లం టీ అయితేనే తాగుతానన్నాను నేను. నవ్విందేమో ఫోనులో ఏదో చూసి. లోపల కుర్రాడు హెడ్‌ఫోను సర్దుకున్నాడు, సాహిత్యం రాసుకున్న కాగితం తిప్పి మళ్లీ మొదటికి తిప్పాడు, అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మేం బటన్ నొక్కి "ఇంకోటి" అన్నాం. ఆ ఇంకోటిలో పై షడ్జం దగ్గర గొంతు బిగుసుకుపోయింది. మొదటిది ఎంతో బాగుందని అతనికి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం దాకా ఆ మొదటి టేకు కోసమే వెతుక్కున్నాం, చివరికి దాన్నే వాడుకున్నాం.

మేం మాట్లాడకపోతే నిన్ను తిడుతున్నామని కాదు తమ్ముడూ, టీ గురించో రివర్బ్ గురించో తేల్చుకుంటున్నాం అని వీడియోలో ఒక్క ముక్క పడితే ఇదంతా ఉండదు. స్టూడియోకి ఉన్న గాంభీర్యం కూడా ఉండదు.

దీనికి తిరగేసిన రహస్యం ఇంకొకటుంది. మా మాట వాళ్లకు వినబడదు గానీ వాళ్ల మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోపల గొణిగినవన్నీ ఇక్కడ పెద్ద స్పీకర్లలో మోగుతాయి. "ఈయనకు తాళమే రాదు, నాకు చెబుతున్నాడు" అని ఒక సీనియర్ కోరస్ గాయని తన పక్కావిడతో అంటే, ఆ "ఈయన" నా పక్కనే కూర్చుని విన్నాడు. ఇది చెప్పేస్తే రోజంతా చీకటి గదిలో కూర్చునే ఇంజినీరుకు కాలక్షేపం ఏముంటుంది చెప్పండి.

హెడ్‌ఫోన్ల దగ్గర వీడియోలో చేయాల్సింది ఒకటే, వాటి మోడల్ నంబరు చెప్పడం. "అన్నా, చెవుల్లో నా గొంతు కొంచెం పెంచండి, తబలా తగ్గించండి" అని అడగవచ్చనీ, అది వాళ్ల హక్కనీ తెలియనివ్వకండి. తన గొంతు తనకు వినబడక ఒక చెవి మీంచి హెడ్‌ఫోను పక్కకు జరుపుకుంటారు. ఆ జరిపిన డిప్పలోంచి, తాళం కోసం చెవుల్లో వేసే క్లిక్ శబ్దం మైకులోకి కారుతుంది. పాట నెమ్మదించిన చోట వెనకాల టిక్ టిక్ అని వినిపిస్తుంది. దాన్ని తీయడానికి మళ్లీ మనకే పని.

కంప్యూటరులో బఫర్ సంగతి అసలే వద్దు. 48,000 శాంపిల్ రేటు దగ్గర బఫర్ 128 ఉంటే ఆలస్యం మూడు మిల్లీసెకన్ల లోపే, 1,024 ఉంటే ఇరవై ఒకటి దాటుతుంది. కంప్యూటరులో దూరి బయటకు వచ్చిన తన గొంతు కాస్త వెనకబడి వినిపిస్తుంటే పాడేవాడు దాని కోసం ఆగుతాడు, పాట ఈడుస్తాడు. అప్పుడు మీరు బఫర్ తగ్గించకండి. "తాళజ్ఞానం తక్కువ, ఇంకొన్నాళ్లు సాధన చేయాలి" అని బటన్ నొక్కి మరీ చెప్పండి. ఎంతమంది సాధనకు వెళ్లి మళ్లీ రాలేదో!

గాజులు, పట్టీలు, గలగలలాడే పట్టుచీర, జేబులో తాళాల గుత్తి, పిన్ను కొట్టిన కాగితాలు, ఉదయం నుంచి ఏమీ తినని కడుపు. ఇవన్నీ మైకుకు వినిపిస్తాయి. ముందే చెబితే ఇంట్లోనే జాగ్రత్త పడి వస్తారు. మనం టేకు మధ్యలో ఆపి చెబుదాం.

మళ్లీ పాడడం మహాపరాధం

పాటా వాద్యాలూ ఒకేసారి రికార్డయిన మద్రాసు రోజుల్లో చివరి చరణంలో ఒక వయొలిన్ జారినా అందరూ పల్లవి దగ్గరికి రావాల్సిందే. ఘంటసాల తరం గాయకులంతా ఆ పద్ధతిలోంచి వచ్చినవాళ్లే. వీడియోలో ఈ కథ గద్గద స్వరంతో చెప్పండి. ఇప్పుడు గొంతు ఒక ట్రాకు, డోలు ఒక ట్రాకు, దేనికదే అని మాత్రం అనకండి. ఒక మాట తప్పితే ఆ మాట దగ్గరే పంచ్ కొట్టి అతికించుకోవచ్చనీ, పేరున్నవాళ్లు కూడా ఒక లైను కోసం పదిసార్లు పాడతారనీ తెలిస్తే కొత్తవాడి భుజాలు దిగుతాయి. భుజాలు దిగితే గొంతు దిగుతుంది. పాట బాగా వచ్చేస్తుంది.

అదే నోటితో, ఎలా పాడినా మిషన్ సరిచేస్తుందని కూడా చెప్పండి. ఆటోట్యూన్ 1997 నుంచి ఉంది మరి. అది స్వరాన్ని దాని మెట్టు మీద కూర్చోబెడుతుందే గానీ, మింగేసిన అక్షరాన్ని తిరిగి పలికించలేదు, లేని శ్వాసను తెచ్చిపెట్టలేదు, "కళ్లు"ను "కల్లు" అన్నవాడి చేత "కళ్లు" అనిపించలేదు. ముందు మద్రాసు కథతో వణికించి, తర్వాత మిషన్‌తో బద్ధకం నేర్పించారనుకోండి, ఇంతకీ కష్టపడాలో వద్దో తెలియని మనిషి లోపలికి వస్తాడు. మనకు కావలసినవాడు అతనే. స్క్రాచ్, డ్రై, వెట్, బౌన్స్, స్టెమ్స్ అనే మాటలు వివరణ లేకుండా అక్కడక్కడా చల్లండి. అడిగితే నవ్వండి.

ఇంత శ్రమ ఎందుకంటారా? స్టూడియో అద్దె గంట లెక్క. మునివేళ్ల మీద నిలబడ్డ అరగంట, మా టీ ముచ్చట చూసి కంగారు పడ్డ సాయంత్రం, క్లిక్ తుడిచిన పూట, అన్నీ మీటరు మీదే. అన్నీ తెలిసి వచ్చిన మనిషి నేరుగా మైకు ముందుకెళ్లి, చెవుల్లో గొంతు పెంచమని అడిగి, రెండు టేకులు పాడి, తప్పిన లైను దగ్గర తనే "పంచ్ కొడదాం అన్నా" అని, బువ్వ వేళకు వెళ్లిపోతాడు.

ఊరికే అనడం లేదు, చూశాను. మా దగ్గర అసిస్టెంటుగా చేసే కుర్రాడు నాకు చెప్పకుండా తన ఫోనుతో ఒక వీడియో తీశాడు, నిండా రెండు నిమిషాలు లేదు. అందులో స్టూడియో ఓనరు లేడు, కన్సోలు లేదు, ఎడిసన్ లేడు. అంతకు ముందు వారమే తొలిసారి పాడి వెళ్లిన ఒక అమ్మాయి తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. చెప్పులు ఇక్కడ, మంచినీళ్లు అక్కడ అంటుంది. గాజులు తీసి స్టాండు పక్కన పెడుతుంది. మైకు మీద గుర్తు చూపిస్తుంది, జానెడు కొలిచి నిలబడుతుంది. "వాళ్లు మాట్లాడకపోతే భయపడకుండ్రి, చాయ్ తాగుతుంటరు" అంటుంది. "మీరు మాట్లాడేదంతా వాళ్లకు ఇనబడ్తది, జర జాగ్రత్త" అంటుంది. "మళ్లీ పాడమన్నరంటే తప్పు పాడినట్టు కాదు" అంటుంది. అయిపోయింది. మాటలు మాత్రం ఆ ఖరీదైన మైకులోనే రికార్డు చేశాడు, దొంగ వెధవ. ప్రతి అక్షరం స్పష్టంగా వినబడుతోంది.

ఆ నెల మా దగ్గరికి వచ్చిన కొత్తవాళ్లంతా ఒక్క కాల్‌షీటులో పని ముగించుకుని, దండం పెట్టి, వెళ్లిపోయారు. కొందరు ఇంకో పాట పట్టుకుని మళ్లీ వచ్చారనుకోండి, వాళ్లతోపాటు ఊరివాళ్లను కూడా వెంటబెట్టుకొచ్చారు. అయినా ఒక్కో బిల్లు చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది. ఆ వీడియోని డిలీట్ చేయించాను. గాయకుల గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉందట. మీకు వస్తే ఎవరికీ పంపకండి.

మా అసలు వీడియో నిడివి ఇరవై రెండు నిమిషాలు. ఇంటికి పంపడం మానేశాం, స్టూడియోలోనే కూర్చోబెట్టి చూపిస్తున్నాం. చూసే సమయం కూడా కాల్‌షీటులో కలుస్తుంది, అరగంట దాటితే గంట కిందే లెక్క.